మూడు రీడింగులు

సొహార్‌లో తెల్లవారకముందే బయలుదేరాను.
సులేమాన్ టాక్సీలో హీటరు పనిచేయదు.
ఎడారిలో చలి వేస్తుందంటే మా తునిలో ఎవరూ నమ్మరు.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి: బోర్డు ఉత్తర్వు, ఎర్ర పెన్నులు రెండు,
చల్లారిపోయిన ఉప్మా.
ఉత్తర్వులో ఆఖరి వాక్యం లావు అక్షరాల్లో ఉంది:
ఈ బాధ్యతను నిరాకరించరాదు.
సరే, నిరాకరించలేదు.

ఇబ్రీలో ఇరవై నాలుగు బ్యూరెట్లు
నా కోసం వరసగా నిలబడి ఉన్నాయి.
ఒక్కొక్క పేరూ పిలిచి, ముఖం చూసి,
హాజరు అని రాశాను. రెండు రోజుల్లో నలభై ఆరుగురు.
పర్మాంగనేటు ముదురు రంగు, అడుగు కనపడదు,
పై అంచునే చదవాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ
నేను బయటి మనిషిని, అడగాలే తప్ప చెప్పకూడదు.
నదా అనే పిల్ల చేయి వణుకుతుంటే
గాజు గొట్టం వెనక తెల్లకాగితం ఒకటి పెట్టి పక్కకు జరిగాను.
ఆ మాత్రానికి ఏ నియమమూ విరగలేదు.
విరిగింది ఒక్క పిపెట్, అదీ నా మోచేయి తగిలి.

మార్కుల కవరుకు లక్క కరిగించి ముద్ర వేస్తుంటే
బొటనవేలు కాలింది.
తిరిగొచ్చిన మర్నాడు మా గుమ్మంలోని మిషను
ఆ బొబ్బవేలిని గుర్తుపట్టనే లేదు.
మూడుసార్లు ఒత్తి, ఎడమచేతి వేలిచ్చి లోపలికి పోయాను.

జీతం చీటీని మాత్రం కింది అంచు దగ్గర చదవాలి.
గైర్హాజరు: రెండు రోజులు.
కోత: ఇరవై మూడు రియాళ్ళ మూడువందల ముప్పై మూడు బైసాలు.
ఆ ముప్పై మూడు బైసాలు కూడా వదల్లేదు.
బోర్డు తలకింతని ఇచ్చే రుసుమా?
పోయినేటిదే ఇంకా దారిలో ఉంది.

అకౌంట్స్ గదిలో బినోయ్ మంచివాడే.
కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు.
"వేలిముద్ర పడలేదు కదా టీచర్" అన్నాడు.
"వేలు ఇబ్రీలో ఉంది" అన్నాను.
"మిషను సొహార్‌లో ఉంది" అన్నాడు.
చాయ్‌లో చక్కెర ఎక్కువైంది.

ఆ ఇబ్రీ నుంచే మా స్కూలుకు పరీక్షకుడిగా వచ్చారు
కడప వైపు మస్తాన్‌వలీ మాస్టారు.
మా ప్రిన్సిపాల్ ఆయనకు శాలువా కప్పి
ఖర్జూరం పెట్టె చేతిలో పెట్టి
మీ సేవ వెలకట్టలేనిది అన్నారు. మేం చప్పట్లు కొట్టాం.
వాళ్ళ స్కూలు వెల కట్టింది: ఇరవై రియాళ్ళు.
ఫోన్‌లో చెప్పి, "శాలువా బావుందమ్మా" అని నవ్వాడాయన.

ఫిజిక్స్ ఫిలోమినా నిజ్వా వెళ్ళొచ్చింది. ఇరవై రెండు.
ఇంట్లో చెప్పలేదట.

మొదటి రీడింగు తప్పొచ్చని పిల్లలకు ఏళ్ళుగా చెబుతున్నాను.
చేయి వణికి ఉండొచ్చు, కొసలో గాలిబుడగ ఉండొచ్చు,
రెండోది తీయండి, మూడోదీ తీయండి.
చీటీలు మూడూ పక్కపక్కన పరిచాను.
జీతాలు వేరు గనక అంకెలు వేరు.
ముప్పైతో భాగిస్తే మూడూ ఒక్కచోటే కలిశాయి.
ఇక అది పొరపాటు కాదు,
ఆ సీసాలో పోసి ఉంచిందే అది.

స్టాఫ్ రూములో ఉత్తరం రాశాను, ఒకటిన్నర పేజీ.
"దయచేసి" అన్న మాట నాలుగుచోట్ల పడింది, రెండు కొట్టేశాను.
సంతకం పెట్టి ఫిలోమినా వైపు జరిపాను.
మార్చిలో ఆమె వీసా మళ్ళీ వేయాలి.
పెన్ను మూత తీసింది. పెట్టింది. తీసింది.

ఆఖరి చుక్క పడ్డాక వెంటనే రాసుకోకూడదు,
ఆ లేత గులాబీరంగు
ముప్పై సెకన్లు నిలిస్తేనే లెక్క.
బల్లకు ఇవతల కూర్చుని
లోపల్లోపల అంకెలు లెక్కపెడుతున్నాను,
పదకొండు, పన్నెండు,
ఆమె చేతిని కదిలించకుండా.